కరెంటు పోయినా పొంగని సంప్: ఉప్పునీటి అక్వేరియానికి ఇంట్లోనే సంప్, రెఫ్యూజియం కట్టుకోవడం ఎలా?

ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఉప్పునీటి చేపలు పెంచేవాళ్లు అడిగే ప్రశ్న మాటలు మారినా ఒక్కటే: "రాత్రి కరెంటు పోయింది. పొద్దున లేచి చూస్తే గదంతా ఉప్పునీళ్లు. సిలికాన్ ఊడిపోయిందా?" చాలాసార్లు సిలికాన్ బాగానే ఉంటుంది, గాజూ బాగానే ఉంటుంది. పంపు ఆగితే పై ట్యాంకులోంచి ఎన్ని నీళ్లు కిందికి దిగుతాయో ముందే లెక్క వేసుకోకపోవడమే తప్పు. గాజు అతికించడం ఒక పూటలో వచ్చేస్తుంది. అందుకే ఇక్కడ కొలతల గురించే ఎక్కువ చెబుతున్నాం.

సంప్ అంటే ఇంటి ముందు నేలలో ఉండే నీళ్ల తొట్టి కాదు. ఇది స్టాండు కింద పెట్టే రెండో ట్యాంకు. పై ట్యాంకులో అంచు దాటిన నీరు పైపులోంచి దీనిలోకి దిగి, శుభ్రపడి, పంపుతో మళ్లీ పైకి వెళ్తుంది. నురుగుతో మురికిని తీసే స్కిమ్మర్, హీటర్ వంటివన్నీ ఇందులోనే ఉంటాయి. రెఫ్యూజియం అందులో ఒక గది. చేపలు చేరలేని ఆ చోట లైటు వేసి నాచు పెంచుతాం. నాచు నైట్రేట్, ఫాస్ఫేట్ తీసుకుని పెరుగుతుంది. పెరిగిన నాచును మనం కోసి పారేస్తే ఆ మురికి కూడా ట్యాంకు దాటిపోయినట్టే. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

ముందు కాగితం మీద లెక్క

ఉదాహరణకు 4 అడుగుల ట్యాంకు అనుకుందాం: 120 × 45 × 45 సెం.మీ. దాని కింద 90 × 35 × 40 సెం.మీ. సంప్. మీ ట్యాంకు వేరే సైజుదైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

పంపు ఆగితే ఏమవుతుంది? పై ట్యాంకులో 1 సెం.మీ. నీరు అంటే 5.2 లీటర్లు. పంపు నీటిని పైకి తెచ్చే రిటర్న్ పైపు మూతి నీటిలో 2.5 సెం.మీ. లోతున ఉందనుకోండి. పంపు ఆగగానే అదే పైపు సైఫన్‌గా మారి, మూతి గాలిలో తేలేదాకా నీళ్లను వెనక్కి లాగుతుంది. అంటే 13 లీటర్లు. పైపుల్లో, అంచు దాటిన నీరు పడే ఓవర్‌ఫ్లో పెట్టెలో నిలిచినవి ఇంకో 4. మొత్తం 17 లీటర్లు దిగితే ఈ సంప్‌లో మట్టం సుమారు 27 సెం.మీ.కు చేరుతుంది. గోడ ఎత్తు 40, కాబట్టి భయం లేదు. అదే మూతిని "ప్రవాహం బాగుంటుంది" అని 10 సెం.మీ. లోతున పెడితే 52 లీటర్లు, పైపుల నీటితో 56 దిగుతాయి. నడుస్తున్న సంప్‌లో ఖాళీ ఉండేది 55 లీటర్లే. మిగతాది నేల మీదకే.

డ్రెయిన్, అంటే నీరు కిందికి దిగే పైపు, మూసుకుపోతే? ఒక నత్త పైపులో దూరితే చాలు. అప్పుడు పంపు తన గదిలోని నీళ్లన్నీ పైకి తోడేస్తుంది. ఈ డిజైన్‌లో పంపు గదిలో ఉండేది 12.6 లీటర్లు, అవి మొత్తం పైకి వెళ్లినా పై ట్యాంకు మట్టం 2.4 సెం.మీ. పెరుగుతుంది. పైన 4 సెం.మీ. ఖాళీ ఉంచుకుంటే ఒక్క చుక్క కిందపడదు. పంపు గదిని పెద్దగా కట్టుకోవాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. ఆ గది చిన్నగా ఉండటమే ఇంటికి కాపలా.

అయితే దానికి ఒక ఖరీదు ఉంది. ఈ గదిలో 1 సెం.మీ. అంటే ముప్పావు లీటరే. ఆవిరైన నీరంతా ఇక్కడే తగ్గుతుంది. వేసవిలో ఫ్యాన్ పెట్టి రోజుకు 4 లీటర్లు ఆవిరైతే మట్టం 5 సెం.మీ. పైగా పడిపోతుంది. రోజూ నీళ్లు పోయక తప్పదు. రెండు రోజులు ఊరెళ్లాలంటే తగ్గిన నీటిని తనంతట తానే నింపే ఆటో టాప్-అప్ ఉండాల్సిందే.

కావలసినవి

- 6 మి.మీ. సాదా ఫ్లోట్ గాజు. అడుగు 90 × 35 సెం.మీ. ఒకటి, పొడుగు పక్కలు 90 × 39.4 రెండు, చివరి పక్కలు 33.6 × 39.4 రెండు. సంప్‌ను గదులుగా విడదీసే అడ్డగాజులు నాలుగూ 33.4 వెడల్పు, వాటి ఎత్తులు వరుసగా 23, 22, 27.5, 20.
- అక్వేరియం సిలికాన్ 2 ట్యూబులు, గన్. ఒకటిన్నర సరిపోతుంది, కానీ మధ్యలో అయిపోతే పని చెడిపోతుంది.
- మాస్కింగ్ టేప్, కొత్త బ్లేడ్లు, అసిటోన్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మూలమట్టం, రసమట్టం.
- 1 అంగుళం యూపీవీసీ పైపు, ఎల్బోలు, ప్లాస్టిక్ బాల్ వాల్వ్, రెండు బల్క్‌హెడ్‌లు (గాజు రంధ్రంలో పైపును నీరు కారకుండా బిగించే ఫిట్టింగులు), సాల్వెంట్ సిమెంటు.
- పెట్టె మీద 2,500 నుంచి 3,000 ఎల్‌పీహెచ్ (గంటకు లీటర్లు) అని రాసి ఉన్న పంపు.
- రెఫ్యూజియానికి 15–20 వాట్ల ఎల్‌ఈడీ, టైమరు.
- పిడికెడు కీటోమార్ఫా నాచు. అమ్మేవాళ్లు చీటో అంటారు.
- 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్). ఇది ఐచ్ఛికం కాదు.

సిలికాన్ దగ్గర ఒక మాట. హార్డ్‌వేర్ కొట్టులో "బాత్రూమ్‌కి, సింకుకి" అని ఇచ్చే ట్యూబుల్లో బూజు పట్టకుండా మందు కలుపుతారు. ట్యూబు మీద యాంటీ ఫంగల్, శానిటరీ అని ఉంటే వద్దు. పిండుతున్నప్పుడు వెనిగర్ వాసన వేసే నూరు శాతం సిలికాన్ కావాలి. అక్వేరియానికి పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉంటే ఇంకా మంచిది.

పైపు ఫిట్టింగుల్లో ఇంకో ప్రమాదం ఉంది. నల్లా బిగించడానికి అమ్మే ఎల్బోలు, జాయింట్ల లోపల ఇత్తడి మర ఉంటుంది. ఇత్తడిలో రాగి ఉంటుంది, ఉప్పునీరు దాన్ని కరిగిస్తుంది, రొయ్యలు, నత్తలు చనిపోతాయి. మర కూడా ప్లాస్టిక్‌దే అయి ఉండాలి. పైపు బిగించే క్లిప్పులు స్టీలువి వద్దు, కొద్ది నెలల్లో తుప్పు కారుస్తాయి.

గాజు కోయించే వీలు లేకపోతే పాత 3 అడుగుల ట్యాంకు కొని అడ్డగాజులు మాత్రం కోయించుకోవచ్చు. కానీ అందులో ఇదివరకు చేపల రోగానికి రాగి మందు వాడారేమో అడిగి తెలుసుకోండి. వాడి ఉంటే తీసుకోవద్దు. పెద్ద ప్లాస్టిక్ టబ్బు కూడా పనిచేస్తుంది గాని, నీళ్లు నిండితే దాని పొట్ట ఉబ్బుతుంది, అడ్డగాజు నిలవదు. టబ్బుతో చేసేవాళ్లు రెండు టబ్బులు పక్కపక్కన పెట్టి బల్క్‌హెడ్‌తో కలపడం మేలు.

కట్టే పద్ధతి

1. స్టాండు తలుపు కొలవండి. సంప్ స్టాండు లోపల పడుతుందా అని అందరూ చూస్తారు. తలుపులోంచి దూరుతుందా అని చూడరు. 90 సెం.మీ. సంప్‌ను 60 సెం.మీ. తలుపులోంచి ఏటవాలుగా కూడా లోపలికి తీసుకెళ్లలేని స్టాండులు చాలా ఉన్నాయి. అలాగే సంప్ పైన కనీసం 20 సెం.మీ. ఖాళీ ఉండాలి. స్కిమ్మర్ కప్పు పైకెత్తి తీయాలి, చెయ్యి లోపలికి పోవాలి. స్టాండు ప్లైవుడ్‌దైతే లోపలి అంచులన్నిటికీ రెండు కోట్లు పెయింటు వేయండి. మన తీరపు తేమకు తోడు సంప్ ఆవిరి కూడా చేరితే అంచులు ఉబ్బిపోతాయి.

2. గాజు కోయించండి. కొలతలు మిల్లీమీటర్లలో కాగితం మీద రాసి ఇవ్వండి. అంగుళాలు, సూత్‌లలో నోటిమాటగా చెబితే 3 మి.మీ. తేడా మామూలే, అడ్డగాజుకు ఆ తేడా చాలు, లోపల పట్టదు. అంచులు గ్రైండింగ్ చేయించండి. స్కిమ్మర్ ముందే కొన్నవాళ్లు దానికి ఎంత లోతు నీరు కావాలో చూసుకుని మొదటి అడ్డగాజు ఎత్తు మార్చుకోండి. లోతు తక్కువ కావాలంటే గాజు మార్చక్కరలేదు, స్కిమ్మర్ కింద పైపు ముక్కలతో చిన్న పీట చేసి ఎత్తండి.

3. పెట్టె అతికించండి. గాలి ఆడే చోట, సమంగా ఉన్న నేల మీద చేయండి. అతికే అంచులన్నిటినీ అసిటోన్‌తో తుడవండి. పెయింట్ థిన్నర్ వద్దు, జిడ్డు పొర మిగులుస్తుంది. తుడిచాక ఆ అంచును వేలితో ముట్టుకోకండి. అడుగు గాజు మీద అంచు వెంట 4–5 మి.మీ. లావున సిలికాన్ ఒకే ధారగా పెట్టండి. వెనక పొడుగు పక్క, రెండు చివరలు, ముందు పొడుగు పక్క, ఈ వరుసలో నిలబెట్టండి. మూలమట్టం పెట్టి చూసుకుంటూ టేప్‌తో బిగించండి.

ఇప్పుడు గాజు బయటి నుంచి జాయింటును వెలుగుకు ఎదురుగా చూడండి. సిలికాన్ నల్లగా లేదా పారదర్శకంగా ఒకే పట్టీలా కనిపించాలి. మధ్యలో వెండిలా మెరిసే మచ్చలు ఉంటే అవి గాలి బుడగలు. ఒకటి రెండు చిన్నవి ఫరవాలేదు. పట్టీ ఈ అంచు నుంచి ఆ అంచుకు తెగినట్టు మెరుస్తుంటే నీరు అక్కడినుంచే వస్తుంది. తడిగా ఉండగానే ఊడదీసి మళ్లీ చేయండి. ఆరిన సిలికాన్ మీద కొత్త సిలికాన్ సరిగా పట్టదు. పైనుంచి పూసి లీకు ఆపుదామనుకోవడం వృథా.

లోపలి మూలల్లో సన్నటి పట్టీ వేసి, తడి వేలితో ఒక్కసారి మాత్రమే లాగండి. సబ్బు నీళ్లు వద్దు. మాస్కింగ్ టేప్‌ను సిలికాన్ తడిగా ఉండగానే పీకేయాలి. ఆరాక పీకితే పట్టీ కూడా ఊడి వస్తుంది.

4. అడ్డగాజులు పెట్టండి. పెట్టెను 24 గంటలు కదపకుండా ఆరనిచ్చాక, ఎడమ గోడ లోపలి వైపు నుంచి 28, 60, 63.1, 66.2 సెం.మీ. దగ్గర గీతలు గీయండి. ఒక్కో గాజు ఎడమ ముఖం ఆ గీత మీదకు రావాలి.

మొదటిది 23 ఎత్తుది, అడుగుకు అతుకుతుంది. దాని ఎడమ గదిలో డ్రెయిన్, స్కిమ్మర్ ఉంటాయి. రెండోది 22 ఎత్తుది, ఇదీ అడుగుకే. ఈ రెండింటి మధ్య 31.4 సెం.మీ. గది రెఫ్యూజియం. మూడోది 27.5 ఎత్తుది, దీన్ని అడుగుకు అతికించకూడదు. కింద 2.5 సెం.మీ. చెక్కముక్కలు రెండు పెట్టి ఎత్తి, పక్కలకు మాత్రమే అతికించండి, ఆరాక ముక్కలు తీసేయండి. నాలుగోది 20 ఎత్తుది, అడుగుకు. దాని కుడివైపు 22 సెం.మీ. పంపు గది.

రెండు, మూడు, నాలుగు గాజులూ కలిసి బుడగల్ని ఆపుతాయి. నీరు ఒకదాని మీదుగా, తర్వాతి దాని కిందుగా, మళ్లీ ఒకదాని మీదుగా వెళ్తుంది. బుడగలు పైకి తేలిపోతాయి. మధ్య సందు 2.5 సెం.మీ. కంటే తగ్గిస్తే నీరు వేగం పుంజుకుని బుడగల్ని లాక్కుపోతుంది. ఎక్కువ మంది చేసే పొరపాటు ఇదే, చోటు కలిసొస్తుందని 1 సెం.మీ. సందు పెడతారు. ఆ తర్వాత పై ట్యాంకులో నీరు సోడాలా కనిపిస్తోందని అడుగుతారు.

అడ్డగాజుల పక్కన సన్నటి లీకు ఉన్నా ఫరవాలేదు, నీరు ఈ గదిలోంచి ఆ గదిలోకే పోతుంది. అక్రిలిక్ షీటుతో అడ్డుగోడలు చేద్దామనుకునేవాళ్లకు: సిలికాన్ అక్రిలిక్‌ను గట్టిగా పట్టుకోదు. గాజే వాడండి.

5. ఆరబెట్టి లీకు చూడండి. కనీసం 72 గంటలు ఆగండి. వానాకాలంలో ఇంకో రెండు రోజులు. ముక్కు దగ్గర పెట్టి చూస్తే వెనిగర్ వాసన పూర్తిగా పోయి ఉండాలి. కింద థర్మకోల్ షీటు వేసి, మామూలు నీళ్లు అంచుకు 3 సెం.మీ. తక్కువగా నింపి, చుట్టూ పాత దినపత్రిక పరచండి. ఒక రోజు ఉంచండి. చుక్క పడితే పత్రిక మీద మచ్చ చెబుతుంది. ఈ పరీక్ష స్టాండు బయటే చేయాలి.

6. డ్రెయిన్. పై ట్యాంకుకు రంధ్రాలు చేయాలంటే ముందు అది టఫెండ్ (వేడి చేసి గట్టిపరిచిన) గాజు కాదని తేల్చుకోండి. టఫెండ్ గాజును డ్రిల్ ముట్టుకుంటే మొత్తం ముక్కలవుతుంది. సాదా గాజైతే డైమండ్ హోల్ సా, నెమ్మది వేగం, నీటి ధార, చేతి బరువు తప్ప ఒత్తిడి లేకుండా. రంధ్రం సైజు బల్క్‌హెడ్ కొన్నాకే నిర్ణయించండి, ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. రబ్బరు వాషరు తల వైపు, అంటే నీళ్ల వైపు ఉండాలి. చేత్తో బిగించి ఆపై పావు చుట్టు, అంతే. వాషరుకు సిలికాన్ పూయకండి.

రెండు పైపులు పెట్టండి. ఒకటి వాల్వ్ ఉన్న ప్రధాన డ్రెయిన్. రెండోది ఏ వాల్వూ లేని అత్యవసర డ్రెయిన్. దాని మూతి ఓవర్‌ఫ్లో పెట్టెలో నీటి మట్టానికి 1–2 సెం.మీ. పైన ఉంటుంది. మామూలప్పుడు అది ఎండిపోయి ఉండాలి. అందులోంచి నీటి చప్పుడు వినిపిస్తే ప్రధాన పైపు మూసుకుంటోందని అర్థం. రెండు పైపుల మూతికీ నత్తలు దూరని ప్లాస్టిక్ జాలి పెట్టండి. ప్రధాన పైపు చివర సంప్ నీటిలో 2–3 సెం.మీ. మునిగితే చాలు. లోతుగా ముంచితే పైపులో గాలి చిక్కి గుడగుడ చప్పుడుతో ఆగి ఆగి పారుతుంది.

రంధ్రం చేయలేనివాళ్లు అంచుకు తగిలించే సైఫన్ ఓవర్‌ఫ్లో పెట్టె వాడతారు. కరెంటు తరచూ పోయే మన ఊళ్లలో అది రెండో ఎంపికే. యూ ఆకారపు గొట్టంలో గాలి బుడగలు పేరుకుని ఏదో ఒక రోజు సైఫన్ తెగుతుంది. తప్పక వాడాల్సి వస్తే పంపు గది లెక్క మరింత గట్టిగా పాటించండి.

7. రిటర్న్. పంపు పెట్టె మీద రాసే అంకె సున్నా ఎత్తులోది. నీటిని ఒకటిన్నర మీటర్ల పైకి, రెండు మూడు ఎల్బోల గుండా తోసేసరికి సగం కూడా మిగలకపోవచ్చు. ఈ ట్యాంకుకు గంటకు 800–1,000 లీటర్లు పైకి చేరితే సరిపోతుంది. చూడటం తేలిక: రిటర్న్ మూతి కింద 10 లీటర్ల బకెట్ పెట్టండి. 36 సెకన్లలో నిండితే గంటకు 1,000.

మూతి నీటి మట్టానికి 2.5 సెం.మీ. కంటే లోతుకు పోకూడదు. పైపుకు నీటి మట్టం దగ్గర 3 మి.మీ. రంధ్రం చేసి సైఫన్ తెంపే పద్ధతి ఉంది, చేసుకోండి, కానీ దాన్ని నమ్ముకోకండి. నెలలోపే నాచు పట్టి మూసుకుంటుంది. నీరు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ సంగతీ అంతే. ఒక ఇసుక రేణువు చాలు అది మూసుకోకుండా ఉండటానికి. మూతి లోతు ఒక్కటే చెడిపోని రక్షణ.

ప్రతి వైరూ ప్లగ్గుకు చేరేముందు కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పుడే వైరు వెంట జారిన నీరు ప్లగ్గులోకి పోకుండా నేల మీద పడుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డును సంప్ పైన గాని, స్టాండు అడుగున గాని పెట్టకండి. పక్క గోడకు బిగించండి.

8. గీత గీసి, రెండు పరీక్షలు చేయండి. ఇది దాటేయకండి. పంపు నడుస్తుండగా పంపు గదిలో నీరు 17 సెం.మీ. దగ్గర నిలిచేలా చూసి, గాజు బయట పర్మనెంట్ మార్కర్‌తో గీత గీయండి.

మొదటి పరీక్ష: పంపు స్విచ్ ఆపండి. నీరు దిగడం పూర్తిగా ఆగేదాకా చూడండి. మట్టం ఎక్కడ ఆగితే అక్కడ రెండో గీత. అది పై అంచుకు 5 సెం.మీ. కంటే దగ్గరగా ఉంటే రిటర్న్ మూతిని పైకి జరపండి.

రెండో పరీక్ష: పంపు నడుస్తుండగా రెండు డ్రెయిన్ల మూతులూ గుడ్డతో మూయండి. పంపు గదిలో నీరు అయిపోయి గాలి పీల్చే గరగర శబ్దం వచ్చేదాకా పైన నీరు పొంగకూడదు. శబ్దం రాగానే ఆపేయండి, పంపు ఎండగా తిరగకూడదు.

ఇకపై ఎప్పుడు నీళ్లు పోసినా మొదటి గీత దాటి పోయకండి. "ఊరెళ్తున్నాం కదా, కాస్త ఎక్కువ పోద్దాం" అన్న రోజునే సంప్‌లు పొంగుతాయి.

9. ఉప్పునీరు. సంప్ కలపడమంటే ట్యాంకుకు 61 లీటర్లు కలపడమే. పై ట్యాంకు నీటిని కిందికి దించి పైన మంచినీళ్లు నింపితే ఉప్పు పలచబడి చేపలు తల్లడిల్లుతాయి. వేరే డ్రమ్ములో లీటరుకు సుమారు 36–38 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపి, ఒక రోజు పంపుతో తిప్పి, సాపేక్ష సాంద్రత 1.025 దగ్గరకు వచ్చాక పోయండి.

గోపాలపూర్ సముద్రం పక్కనే ఉంది కదా అని కొందరు క్యాన్లలో నీళ్లు తెస్తారు. వానాకాలంలోనూ, ఆ తర్వాత అక్టోబర్, నవంబర్‌లోనూ నదుల నీరు కలిసి మన తీరంలో ఉప్పదనం బాగా తగ్గుతుంది, మట్టీ ఉంటుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూడకుండా ఆ నీళ్లు పోయకండి. చిలికా నీరు అసలే వద్దు, అది ఉప్పూ తీపీ కలిసిన నీరు.

రోజూ ఆవిరైన దానికి బదులు పోసేది మంచినీరే, ఉప్పునీరు కాదు. ఇంట్లో తాగే ఆర్వో సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. ఆ యంత్రాల్లో చాలావాటికి రుచి కోసం టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల) కంట్రోలర్ గాని, మినరల్ కార్ట్రిడ్జ్ గాని ఉంటుంది. అది కొంత బోరు నీటిని, లవణాల్ని తిరిగి కలుపుతుంది. టీడీఎస్ మీటరు పెడితే 60, 80 చూపిస్తుంది. మెంబ్రేన్ తర్వాత, కంట్రోలర్‌కు ముందు నీరు తీసి, మిగిలిన లవణాల్నీ పట్టేసే డీఐ రెసిన్ గుండా పంపితే సున్నాకు వస్తుంది.

10. నాచు, లైటు. కొత్త ట్యాంకులో మొదటి రోజే చీటో వేయకండి, తినడానికి ఏమీ ఉండదు. నైట్రేట్ 5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దాటాక వేయండి. చేతికి వచ్చిన నాచును ఉప్పునీటి గిన్నెలో జాడించి, ఒక పోచ తుంచి వేళ్ల మధ్య నలపండి. బాగున్న చీటో వల దారంలా గరుకుగా ఉంటుంది, నలిపినా రంగు అంటదు. మెత్తగా అణిగి వేలికి పచ్చటి జిగురు అంటితే ప్రయాణంలోనే చచ్చిపోయింది, వేయకండి.

కాలెర్పా అనే ఆకుల నాచు కూడా అమ్ముతారు. త్వరగా పెరుగుతుంది, అందంగా ఉంటుంది. కానీ ఒక్కోసారి రాత్రికి రాత్రే బీజాలు వదిలి తెల్లబడిపోతుంది, నీరంతా పాలలా మారి, అది పట్టుకున్నదంతా తిరిగి నీటిలోకి వస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు చీటోయే మంచిది. రెఫ్యూజియంలో ఇసుక కూడా వద్దనే మా మాట. 3 సెం.మీ. ఇసుక మురికిని పోగు చేయడం తప్ప పెద్దగా ఏమీ చేయదు.

తీరంలో రాళ్ల మీది నాచు, పగడపు రాయి ఏరుకొచ్చి వేయకండి. రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్ర గుర్రాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. వాటిని తీయడం, దగ్గర పెట్టుకోవడం నేరం. ఎండు రాయి, సెరామిక్ మీడియా (ఫిల్టరులో వేసే పింగాణీ ముక్కలు) చాలు.

లైటు 6,500 కెల్విన్ తెల్లనిదైనా, మొక్కలకు వాడే ఎరుపు నీలం కలిసినదైనా పనిచేస్తుంది. నీటికి 15 సెం.మీ. పైన, ఉప్పు తుంపర తగలకుండా గాజు పలక అడ్డుపెట్టి బిగించండి. పై ట్యాంకు లైటు ఆరిపోయాక ఇది వెలగాలి, రోజుకు 12–14 గంటలు. రాత్రిపూట నాచు కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున పీహెచ్ పడిపోవడం తగ్గుతుంది.

పని చేస్తోందని ఎలా తెలుస్తుంది?

వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకు నైట్రేట్, ఫాస్ఫేట్ కొలిచి రాసుకోండి. మొదటి నెల పెద్ద తేడా కనిపించకపోవచ్చు. నాచు బంతి గది నిండా పెరిగి కింద వైపు వెలుగు తగలనంత దట్టమయ్యాక మూడో వంతు నుంచి సగం దాకా తీసి పారేయండి. కత్తిరించకుండా బయటికి తీసి చేత్తో విడదీయండి. ట్యాంకులోనే తెంపితే పోచలు పంపు జాలికి చుట్టుకుంటాయి.

నైట్రేట్ 5–10, ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం మధ్య నిలిస్తే చాలు. సున్నా మంచిదనుకోకండి. సున్నాకు దిగితే చీటో ఆకలితో తెల్లబడి కరిగిపోతుంది. అప్పుడు లైటు గంటలు తగ్గించండి, చేపల మేత కాస్త పెంచండి. నాచు మీద గోధుమరంగు బంక పేరుకుంటుంటే ప్రవాహం చాలట్లేదు. రోజుకోసారి బంతిని తిరగేయండి. చీటో పెరగకుండా పై ట్యాంకు గాజు మీద మాత్రం నాచు పెరుగుతుంటే రెఫ్యూజియం లైటు పైదానికంటే బలహీనంగా ఉంది.

వేసవిలో సంప్ మీద చిన్న ఫ్యాన్ పెడితే నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. తేమ ఎక్కువున్న బరంపురం, గోపాలపూర్‌లో ఆ మేలు తగ్గుతుంది. గాలి పొడిగా ఉండే లోపలి ఊళ్లలో బాగా చల్లబరుస్తుంది, నీరూ అంతే వేగంగా ఆవిరవుతుంది.

తుపాను రోజుల్లో

2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. అలాంటప్పుడు కరెంటు గంటల్లో కాదు, రోజుల్లో వస్తుంది. అక్టోబర్ మొదలయ్యేలోపే సిద్ధంగా ఉండండి.

ఇన్వర్టర్ మీద సంప్ పంపు కంటే పై ట్యాంకులో నీటిని కదిలించే ఒక చిన్న వేవ్ పంపు నడపడం ముఖ్యం, చేపలున్నది అక్కడే. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దై ఉండాలి, స్క్వేర్ వేవ్ మీద ఏసీ పంపు మూలుగుతూ వేడెక్కుతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి.

సంప్ 12 గంటలకు పైగా కదలకుండా ఉంటే నాచును తీసి ఎయిర్ స్టోన్ వేసిన బకెట్లో ఉంచండి. చీకట్లో నాచు కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటుంది. కరెంటు రాగానే పంపు స్విచ్ వేసేయకండి. రిటర్న్ పంపు ప్లగ్గు ముందే పీకి ఉంచండి, మీరు నిద్రలో ఉండగా అదే మొదలవకుండా. ప్రతి గదిలోంచి ఒక మగ్గు నీరు తీసి వాసన చూడండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆ గది నీరంతా తోడి పారబోసి, సిద్ధంగా ఉంచుకున్న ఉప్పునీరు పోయండి. రిటర్న్ పైపులో నిలిచిన నీటిని మొదట బకెట్లోకి పట్టి పారబోయండి. ఆ తర్వాత పంపు వేసి, స్టాండు తలుపు తెరిచే ఉంచి పది నిమిషాలు మొదటి గీత దగ్గర చూడండి. నీరు ఆ గీత మీద నిలిచాకే తలుపు మూయండి.